జైలు గుమ్మం దాటాక: అమెరికాలో విడుదలైన ఖైదీల వైద్య చరిత్ర

అమెరికా రాజ్యాంగం సాధారణ పౌరుడికి వైద్యం పొందే హక్కును ఇవ్వలేదు. ప్రభుత్వ నిర్బంధంలో ఉన్నవారికి మాత్రం ఆ హక్కు ఉంది. మధుమేహం ఉన్న ఖైదీకి లోపల ఇన్సులిన్ ఇవ్వడం ప్రభుత్వ విధి. శిక్ష ముగిసి అతడు గుమ్మం దాటగానే ఆ విధి చాలావరకు తీరిపోతుంది. ఎవరో కూర్చుని ఆలోచించి చేసిన ఏర్పాటు కాదిది. వేర్వేరు కాలాల్లో, వేర్వేరు ఉద్దేశాలతో వచ్చిన ఒక చట్టమూ ఒక తీర్పూ కలిసి తెచ్చిన పరిస్థితి.

ముందుగా వచ్చింది చట్టం. 1965 జులై 30న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ సంతకంతో మెడికేర్, మెడికెయిడ్ పుట్టాయి. పేదల వైద్యానికి ఉద్దేశించిన మెడికెయిడ్ ఖర్చును కేంద్రమూ రాష్ట్రాలూ పంచుకుంటాయి. అయితే ప్రభుత్వ సంస్థల్లో నిర్బంధంలో ఉన్నవారి వైద్యానికి కేంద్ర నిధులు చెల్లవని ఆ చట్టమే చెప్పింది. బయటి ఆసుపత్రిలో చేర్చుకోవలసి వచ్చిన సందర్భాలకే మినహాయింపు. ఖైదీల పోషణ అప్పటికే రాష్ట్రాల, కౌంటీల బాధ్యత. ఆ భారాన్ని కేంద్రం తన నెత్తిన వేసుకోదలచలేదు. దీని పర్యవసానం తరువాత తెలిసివచ్చింది. చాలా రాష్ట్రాలు జైలుకు వెళ్ళినవారి మెడికెయిడ్‌ను నిలిపి ఉంచడానికి బదులు పూర్తిగా రద్దు చేసేవి. విడుదలైన మనిషి మళ్ళీ మొదటి నుంచి దరఖాస్తు చేసుకోవాలి. గుర్తింపు కార్డూ స్థిరమైన చిరునామా లేనివారికి అదే పెద్ద అడ్డంకి.

తీర్పు 1976లో వచ్చింది. టెక్సస్ ఖైదీ జె. డబ్ల్యూ. గాంబుల్ మీద 1973 నవంబరులో, లారీ నుంచి సరుకు దింపుతుండగా, పత్తి బేలు పడింది. తన నడుము నొప్పికి సరైన వైద్యం అందలేదని అతడు చేత్తో రాసి పంపిన ఫిర్యాదు సుప్రీంకోర్టు దాకా చేరింది. ఖైదీల తీవ్రమైన వైద్య అవసరాలను తెలిసి తెలిసీ నిర్లక్ష్యం చేయడం రాజ్యాంగం నిషేధించిన క్రూర శిక్షతో సమానమని న్యాయమూర్తి తర్‌గుడ్ మార్షల్ తీర్పు రాశారు. ఆ సూత్రం నిలిచింది కాని, గాంబుల్ మాత్రం ఓడిపోయాడు; వైద్యులు అతణ్ణి పలుమార్లు పరీక్షించారు గనుక అది నిర్లక్ష్యం కాదని కోర్టు భావించింది. తీర్పుకు ఆధారం నిర్బంధమే. తన వైద్యం తాను చూసుకునే వీలు మనిషికి లేకుండా చేసినందువల్లనే ప్రభుత్వానికి ఆ బాధ్యత వచ్చింది. నిర్బంధం తొలగితే ఆ తర్కమూ తొలగుతుంది.

ఈ రెంటి నడుమ ఏర్పడిన ఖాళీ ఎంత లోతైనదో 2007లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ ప్రచురించిన అధ్యయనం లెక్కగట్టి చూపింది. ఇంగ్రిడ్ బిన్స్‌వాంగర్ బృందం వాషింగ్టన్ రాష్ట్ర జైళ్ళ నుంచి 1999-2003 మధ్య విడుదలైన 30,237 మంది వివరాలను పరిశీలించింది. వారిలో 443 మంది మరణించారు. విడుదలైన తొలి రెండు వారాల్లో వారికి మరణించే ముప్పు అదే రాష్ట్రంలోని సాధారణ ప్రజలకంటే 12.7 రెట్లు, మాదకద్రవ్యాల మోతాదు మించి మరణించే ముప్పు 129 రెట్లు. జైల్లో ఉన్నంతకాలం హెరాయిన్ వంటివాటికి దూరమైన శరీరం వాటిని తట్టుకునే శక్తిని కోల్పోతుంది. బయటికి వచ్చి పాత మోతాదే తీసుకుంటే ప్రాణం పోతుంది. గుండెజబ్బులు, హత్యలు, ఆత్మహత్యలు కూడా ముఖ్య కారణాలే.

అంతకు ఏడాది ముందే శాన్ ఫ్రాన్సిస్కోలో ఒక ప్రయత్నం మొదలైంది. నల్లజాతి శ్రామిక కుటుంబాలు తరాలుగా నివసిస్తున్న బేవ్యూ-హంటర్స్ పాయింట్ ప్రాంతంలోని ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో, 2006లో, ఎమిలీ వాంగ్, షిరా షవిట్ అనే వైద్యులు ట్రాన్సిషన్స్ క్లినిక్ ప్రారంభించారు. దాని ప్రత్యేకత వైద్యుల కంటే ఆరోగ్య కార్యకర్తలలో ఉంది: వారూ ఒకప్పుడు జైలుకు వెళ్ళివచ్చినవారే. మందుల చీటీ తీసుకుని ఫార్మసీకి తోడు వెళ్ళడం, తలదాచుకునే చోటు వెతకడం, దరఖాస్తులు నింపడం వారి పని. జైల్లో వైద్యుణ్ణి నమ్మడం మానేసిన మనిషి, తనలాగే ఆ గోడల మధ్య బతికిన మరొకరి మాట వింటాడు. 200 మందితో జరిపి 2012లో ప్రచురించిన తులనాత్మక పరీక్షలో, ఈ క్లినిక్‌కు పంపినవారు అత్యవసర విభాగాలకు తక్కువగా వెళ్ళినట్లు తేలింది. ఈ నమూనా క్రమంగా పలు రాష్ట్రాలకు విస్తరించింది.

లోపలే చికిత్స మొదలుపెడితే ఏమవుతుందో రోడ్ ఐలండ్ చూపింది. 2016లో అక్కడి జైళ్ళలో మెథడోన్, బ్యూప్రెనార్ఫిన్, నాల్ట్రెక్సోన్ చికిత్సను అందుబాటులోకి తెచ్చి, విడుదల తరువాత బయటి క్లినిక్‌లలో కొనసాగించారు. రాష్ట్రంలో మోతాదు మించి మరణించినవారిలో ఇటీవలే జైలు నుంచి వచ్చినవారు 2016 తొలి ఆరు నెలల్లో 26 మంది. 2017లో అదే కాలానికి 9 మంది.

చట్టం నిదానంగా కదిలింది. 2010 ఆరోగ్య చట్టం మెడికెయిడ్‌ను పిల్లలు లేని పేద వయోజనులకూ విస్తరించింది; విడుదలైనవారిలో అనేకులు ఆ కోవకే చెందుతారు. కాని విస్తరణ రాష్ట్రాల ఇష్టమని 2012లో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. 2023 జనవరిలో, విడుదలకు ముందు 90 రోజులలో కొన్ని సేవలకు మెడికెయిడ్ నిధులు వాడుకునేందుకు కాలిఫోర్నియా తొలిసారిగా అనుమతి పొందింది. 1965 నాటి నిబంధన మాత్రం రద్దు కాలేదు. ప్రత్యేక అనుమతులతో, మినహాయింపులతో దానికి సందులు చేస్తున్నారు. అందుచేత విడుదలైన మనిషి చేతిలో మందుల సంచీ, క్లినిక్ చిరునామా ఉంటాయా లేవా అన్నది ఇప్పటికీ అతడు ఏ రాష్ట్రపు జైలు నుంచి బయటికి వచ్చాడన్నదాన్ని బట్టే ఉంది.