జాలారి నుంచి బాత్రూము దాకా

కొత్త ఇల్లు కట్టేవారు స్నానాల గది విషయంలో ముందుగా ఎంచుకునేది టైల్స్ రంగు. అసలు ఈ గది మన ఇళ్లలోకి ఎలా వచ్చిందో తెలుసుకుంటే, రంగుకన్నా ముందు చూడవలసినవి కొన్ని ఉన్నాయని మీరే గ్రహిస్తారు. ఇందుకు గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాలను ఉదాహరణగా తీసుకుందాం.

2016 అక్టోబరు 11న వేర్వేరు జిల్లాలు కాకముందు ఈ మూడూ పాత పాలమూరు జిల్లాలోనివే. నిజాం కాలంలో గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానాలు ఇక్కడే ఉండేవి. కృష్ణా తుంగభద్రల నడుమ నడిగడ్డ ఉన్నా, ఈ నేలకు కరువు కొత్త కాదు. వనపర్తి సంస్థానంలో చెరువులకు సముద్రాలని పేరు పెట్టుకున్నారు. శ్రీరంగాపురంలోని రంగసముద్రం అటువంటిదే. నీరు ఎంత అపురూపమో ఆ పేరే చెబుతుంది.

నీరున్న చోటికే మనిషి వెళ్లి స్నానం చేసిన రోజులవి. ఇంటి దగ్గరైతే పెరట్లో జాలారి ఉండేది. నాలుగు గరుకు బండలు, చాటుకు ఒక తడిక, పక్కన నీళ్ల గోలెం, నీరు చెట్ల మొదళ్లకు పారేలా వాలు. అంతకుమించి హంగు లేదు. అయినా అందులో రెండు మంచి గుణాలున్నాయి: కాలు జారేది కాదు, నీరు నిలిచేది కాదు.

అయితే పాతదంతా మేలని అనుకోవద్దు. దిగుడు బావిలో కాళ్లు పెట్టి నీళ్లు ముంచుకోవడం, అక్కడే ఒళ్లు కడుక్కోవడం వల్ల నారికురుపు వ్యాపించేది. రోగి కాలి పుండు నీటిని తాకగానే పురుగు పిల్లలు నీటిలో కలుస్తాయి. ఆ నీరు తాగినవారికి ఏడాది తరువాత కురుపు లేస్తుంది. ఆంధ్రప్రదేశ్‌తో సహా ఏడు రాష్ట్రాలను ఇది పీడించింది. మందుతో గాక, తాగే నీటిని వేరు చేసి, వడగట్టి, మెట్ల బావులను మార్చి దీన్ని జయించాం. 2000లో భారతదేశం నారికురుపు లేని దేశంగా గుర్తింపు పొందింది. తాగే నీరు, ఒళ్లు కడిగే నీరు కలవకూడదన్నది స్నానాల గది చరిత్రలో మొదటి పాఠం.

రెండవ పాఠం మరుగుదొడ్డిది. మరుగున ఉన్న దొడ్డి కనుక ఆ పేరు. అది లేని ఇళ్లలో స్త్రీలు చీకటి పడేదాకా ఆగేవారు. ఆగడం కోసం నీళ్లు తాగడం తగ్గించేవారు. మూత్రనాళ ఇన్ఫెక్షన్లకు, మలబద్ధకానికి ఆ అలవాటు దారితీస్తుంది. పట్టణాల్లోని పాయఖానాలను సాటి మనుషుల చేత ఎత్తించడం మరొక ఘోరం. 1993లోనూ 2013లోనూ చట్టాలు చేసి దాన్ని నిషేధించవలసి వచ్చింది. రెండు గుంతల మరుగుదొడ్డిలో ఒకటి నిండాక దాన్ని మూసి, రెండవది వాడతారు. ఏడాదికి పైగా మూసి ఉంచితే మలం వాసన లేని ఎరువవుతుంది. 2017 ఫిబ్రవరిలో వరంగల్ ప్రాంతంలోని గంగదేవిపల్లిలో కేంద్ర ప్రభుత్వ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్ స్వయంగా గుంతలోకి దిగి ఆ ఎరువును చేత్తో తీసి చూపారు.

ఇప్పుడు జాలారీ, మరుగుదొడ్డీ రెండూ పడకగది పక్కకే వచ్చాయి. చాటు దొరికింది, రాత్రి భయం తీరింది. కానీ గరుకు బండ పోయి అద్దంలాంటి టైల్ వచ్చింది. ఆకాశం పోయి గాలాడని నాలుగు గోడలు వచ్చాయి. వృద్ధులు తుంటి ఎముక విరిగి మంచం పట్టడానికి తడి నేల మీద కాలు జారడం ఒక ముఖ్య కారణం.

కాబట్టి బాత్రూమును తీర్చిదిద్దేటప్పుడు ఈ క్రమం పాటించండి. నేలకు గరుకు టైల్స్ వేయించండి. నునుపైనవి గోడలకే ఉంచండి. మీటరుకు ఒకటి రెండు సెంటీమీటర్ల వాలుతో నీరంతా జాలీ వైపు పోవాలి. స్నానం చేసే చోటు ఒక మూలకు, కమోడు పొడిగా ఉండే మరొక వైపుకు రావాలి. కమోడు పక్కన గోడలోకి గట్టిగా బిగించిన స్టీలు కడ్డీ ఉండాలి. తలుపు బయటికి తెరుచుకోవాలి. లోపల ఎవరైనా పడిపోతే వారే తలుపుకు అడ్డమవుతారు. కిటికీ తప్పనిసరి. గ్యాస్ గీజరును మాత్రం లోపల పెట్టవద్దు; దాని నుంచి వెలువడే కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది. డ్రమ్ముల్లో నీరు పట్టి ఉంచేవారు మూత పెట్టి, వారానికొకసారి ఖాళీ చేసి తోమాలి. డెంగీ దోమ అందులోనే పెరుగుతుంది.

దుకాణంలో టైల్ నచ్చితే వెంటనే కొనవద్దు. దాని మీద కాసిని నీళ్లు పోయించి, చెప్పులు విడిచి, ఏదైనా పట్టుకుని తడి కాలితో మెల్లగా తొక్కి చూడండి. కాలు జారితే ఆ రంగు ఎంత బాగున్నా మీ అమ్మానాన్నలున్న ఇంటికి అది పనికిరాదు.