మన ఇంటి పాటల పెట్టెలో కనిపించని గుమాస్తా

ఆఫీసు ముచ్చట్లు మిత్రులు రాస్తూనే ఉన్నారు. నేను ఇంట్లో పాటలు విన్న ముచ్చట రాస్తున్నాను.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు 2016లో జిల్లాలయ్యాయి. మా రోజుల్లో మూడూ మహబూబ్‌నగర్ జిల్లాలోని తాలూకాలే. నా సర్వీసులో ఎక్కువ భాగం ఈ మూడు ఊళ్ళ మధ్య బదిలీలతోనే గడిచింది.

మా పెద్దల కాలంలో కీ ఇచ్చే గ్రామఫోనుకు కరెంటుతో పనిలేదు. సూది కదలికకు పల్చటి రేకు అదిరి, బాకాలోంచి పాట వచ్చేది. తరువాత వాల్వు రేడియోలు వచ్చాయి. వాటి వెనుక పికప్ తగిలించే రంధ్రాలుండేవి. అప్పటి క్రిస్టల్ పికప్ కొన్ని వందల మిల్లీవోల్టులు ఇచ్చేది కనుక నేరుగా తగిలిస్తే సరిపోయేది. అయస్కాంతపు పికప్ నాణ్యమైనదే గాని, అది ఇచ్చేది సుమారు 5 మిల్లీవోల్టులే.

ఈ తేడా తెలియక 1979లో గద్వాలలో ఉండగా పొరపాటు చేశాను. అరియర్స్ డబ్బుతో పాత రికార్డు ప్లేయరు కొని యాంప్లిఫయరుకు తగిలించాను. దోమ పాడినట్టు సన్నగా వినిపించింది. అమ్మినాయనను నలుగురిలో మోసగాడన్నాను. ఆయన మారు మాట్లాడలేదు.

మరుసటి ఏడు వనపర్తికి బదిలీ అయ్యింది. అక్కడ సంస్థానం వారి రాజభవనంలో 1959లో మొదలైన పాలిటెక్నిక్ ఉంది. అందులో చదివే కుర్రవాడు మా పక్క వాటాలో ఉండేవాడు. ప్లేయరు చూసి, "సార్, దీనికి ప్రీ-యాంప్లిఫయర్ ఏదీ?" అన్నాడు. రెండు ట్రాన్సిస్టర్లతో చిన్న సర్క్యూటు చేసి మధ్యలో పెట్టాడు. ఇల్లంతా పాట నిండింది!

అతను చెప్పింది నాకు ఆఫీసు భాషలోనే అర్థమయ్యింది. పవర్ యాంప్లిఫయర్ సంతకం పెట్టే ఆఫీసరు. ప్రీ-యాంప్లిఫయర్ ఫైలు సిద్ధం చేసే గుమాస్తా. చిన్న సిగ్నలును తగినంత పెంచుతుంది. పైగా రికార్డు కోసేటప్పుడు మంద్ర స్వరాలు తగ్గించి, కీచు స్వరాలు పెంచుతారు. 1954లో అమెరికాలో కుదిరిన ప్రమాణం ప్రకారం ప్రీ-యాంప్లిఫయర్ దాన్ని తిరిగి సరిచేస్తుంది. గుమాస్తా లేని ఫైలు ఎట్లుంటుందో మనకు చెప్పాలా?

క్షమాపణ చెప్పుకుందామని గద్వాల వెళ్ళాను. ఆయన దుకాణం ఎత్తేసి వెళ్ళిపోయాడన్నారు. ఎక్కడికో ఎవరికీ తెలియదు. ఆ మాట నాలోనే మిగిలిపోయింది.

1982లో వచ్చిన సీడీ ప్లేయరు సుమారు 2 వోల్టులిస్తుంది కనుక దానికి ఈ పెంపు అక్కరలేదు. అందుకే చాలా కొత్త సెట్లలో రికార్డు కోసం ఫోనో అనే రంధ్రం ఉండదు. పాత ప్లేయరు సన్నగా పాడితే పాడైందని పాత సామాన్ల వానికి వేయకండి. ముందు మధ్యలో గుమాస్తా ఉన్నాడో లేడో చూడండి. ఎవరినైనా మాట అనే ముందు కూడా అంతే. సెలవు.