సరాయెవో: పేరుతో సహా లెక్క

డిఫెన్స్ అకౌంట్స్‌లో చేసినవాడికి ఒక పాడలవాటు మిగిలిపోతుంది. ఎవరేం చెప్పినా "వోచర్ ఏదీ?" అంటాడు. బోస్నియా యుద్ధంలో రెండున్నర లక్షలమంది పోయారని 1990లలో పేపర్లన్నీ రాశాయి. ఆ అంకెకు వోచర్ లేదు.

ముందు సరాయెవో సంగతి. 1992 ఏప్రిల్ 5 నుంచి 1996 ఫిబ్రవరి 29 దాకా, 1,425 రోజుల ముట్టడి. చుట్టూ కొండలమీద బోస్నియా సెర్బుల ఫిరంగులు, లోయలో మూడు లక్షల పైచిలుకు జనం. కరెంటు, గ్యాసు, నీళ్ళు ఎప్పుడుంటాయో తెలీదు. పాత బీరు ఫ్యాక్టరీ ఊట దగ్గర డబ్బాలు పట్టుకుని క్యూలు. తిండి ఐక్యరాజ్యసమితి విమానాల్లో వచ్చేది. 1993 జూలై తర్వాత విమానాశ్రయం కింద తవ్విన 800 మీటర్ల సొరంగంలోంచి కూడా. (ఆ శాంతిసేనకు తొలి కమాండర్ మన లెఫ్టినెంట్ జనరల్ సతీష్ నంబియారే.) 1992 ఆగస్టు 25 రాత్రి జాతీయ గ్రంథాలయాన్ని గుళ్ళవానతో తగలబెట్టారు.

"వాళ్ళు వందల ఏళ్ళుగా కొట్టుకుచస్తున్నవాళ్ళే" అని పాశ్చాత్య నాయకులు కొందరు చేతులు దులుపుకున్నారు. అది చరిత్ర కాదండీ, కర్మసిద్ధాంతం! ఊరిని కాపాడిన సైన్యంలో పెద్ద అధికారి యోవాన్ దివ్యాక్ స్వయానా సెర్బు.

1994 ఫిబ్రవరి 5న మార్కాలె సంతలో ఒక్క మోర్టారు గుండుకు 68 మంది పోయారు. ముస్లిములే తమవాళ్ళను చంపుకున్నారని సెర్బు నాయకులు ప్రచారం చేశారు. సాక్ష్యాలన్నీ చూసి హేగ్ ట్రిబ్యునల్ 2003లో తేల్చింది: గుండు సెర్బుల వైపునుంచే వచ్చింది. జనరల్ గాలిచ్‌కు 2006లో అప్పీలు మీద యావజ్జీవం పడింది. అలాగని ఊళ్ళో ఉన్నవాళ్ళంతా అమాయకులూ కారు. రక్షకుల్లోనే ముషాన్ తొపలోవిచ్ అనేవాడి మనుషులు సెర్బు పౌరులను చంపి కజానీ గోతిలో పడేశారు. 1993లో ప్రభుత్వమే వాడిమీదికి బలగాలను పంపాల్సివచ్చింది.

ఇక అంకె. మిర్సాద్ తొకాచా అనే ఆయన, సరాయెవోలోని ఆయన పరిశోధనా కేంద్రం, ఏళ్ళతరబడి ఒక్కొక్క పేరే రాసుకుంటూ పోయారు. రెండుసార్లు పడిన పేర్లు కొట్టేశారు. 2007లో తేలిన మొత్తం 97,207. నాకైతే ఇంతకన్నా గొప్ప ఆడిట్ తెలీదు. మరి మిగతా లక్షన్నర ఏమయ్యారని బోస్నియాక్ పక్షంలో కొందరు మండిపడ్డారు, మా బాధ తగ్గించి చూపారన్నారు. కానీ 2010లో ట్రిబ్యునల్ జనాభా నిపుణులు వేరేగా వేసిన అంచనా కూడా 1,04,732 దగ్గరే ఆగింది. పైగా, అంకె తగ్గినా నేరం తగ్గలేదు. తొకాచా జాబితాలోని పౌరుల వరకూ తీసుకుంటే, ప్రతి అయిదుగురిలో నలుగురికి పైగా బోస్నియాకులే. ఈ సంగతి పాత గుండుగుత్త అంకెలో కనిపించేది కాదు.