మడతబందు లోపలి దారి

ల్యాప్‌టాప్ మూత ఎత్తినప్పుడల్లా కంటికి కనపడని పని ఒకటి జరుగుతుంది. తెరకు బొమ్మనూ వెలుగునూ చేరవేసే తీగలన్నీ బందు దగ్గర వంగుతాయి, లేదా మెలిపడతాయి. మూత మూస్తే మళ్ళీ యథాస్థితికి వస్తాయి. రోజుకు పదిసార్లు తెరిచినా ఏడాదికి మూడున్నర వేల సార్లు దాటుతుంది. కంప్యూటర్ల చరిత్ర రాసేవాళ్ళు ప్రాసెసర్ వేగం గురించి రాస్తారు, బ్యాటరీ గురించి రాస్తారు, ఈ ఇరుకు దారిని మాత్రం దాటేసి పోతారు. మడిచే పరికరాల రూపురేఖలను తేల్చింది చాలావరకు ఈ దారేనని నా నమ్మకం. ఇందులోంచి ఎన్ని తీగలు పోవాలి, వాటికి ఎంత చోటు ఇవ్వాలి అన్న రెండు ప్రశ్నలకు నలభై ఏళ్ళుగా ఇంజనీర్లు చెప్పుకుంటూ వస్తున్న జవాబులే ఈ వ్యాసం.

ముందు లోహం సంగతి. కట్టుతీగను తుంచాలంటే, చేతిలో ప్లయర్ లేకపోతే, ఒకేచోట అటూ ఇటూ వంచుతాం. కాసేపటికి తెగుతుంది. రాగి కూడా అంతే. వంపు బయటి వైపు సాగుతుంది, లోపలి వైపు నలుగుతుంది. ఎంత సాగుతుందో లెక్క కట్టడం తేలికే: తీగ మందంలో సగాన్ని వంపు వ్యాసార్ధంతో భాగించాలి. 0.1 మిల్లీమీటర్ల మందమున్న పట్టీని 1 మిల్లీమీటరు వ్యాసార్ధంతో వంచితే దాని పైపొర 5 శాతం సాగుతుంది. ఒకసారి వంచి అలాగే వదిలేస్తే ఏమీ కాకపోవచ్చు. వేల సార్లు వంచితే పగులు పుడుతుంది. అదే పట్టీని 10 మిల్లీమీటర్ల వ్యాసార్ధంతో వంచితే సాగుదల అర శాతానికి పడిపోతుంది. ఎడతెగకుండా కదిలే పట్టీకి దాని మందానికి సుమారు 100 రెట్ల వ్యాసార్ధం ఇవ్వాలని ఈ రంగంలో చెప్పుకునే లెక్క ఇక్కడి నుంచి వచ్చిందే. పరికరాన్ని పలచన చేయాలనుకునేవాళ్ళకు ఈ లెక్క మొదటి నుంచీ అడ్డుపడుతూనే ఉంది.

వంగే పట్టీ మాత్రం ల్యాప్‌టాప్ కన్నా చాలా పాతది. 1903లో ఆల్బర్ట్ హాన్సన్ అనే ఆవిష్కర్త మైనపు కాగితం మీద చదును లోహపు రేకులను అతికించే పద్ధతికి బ్రిటన్‌లో పేటెంటు తీసుకున్నాడు. టెలిఫోన్ ఎక్స్‌చేంజీల్లో తీగల చిక్కు తగ్గించాలన్నది ఆయన ఉద్దేశం. 1950లలో అమెరికాలోని న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలో సాండర్స్ అసోసియేట్స్ అనే రక్షణ పరికరాల కంపెనీ, వంగే పొర మీద రాగి దారులు చెక్కి, తీగల కట్టలకు బదులు వాడే పనిని వ్యాపార స్థాయికి తెచ్చింది. 1960లలో డ్యూపాంట్ కంపెనీ కాప్టన్ అనే పసుపు రంగు పాలీఇమైడ్ పొరను అమ్మకానికి పెట్టడంతో ఇందుకు సరైన పదార్థం దొరికింది. సోల్డరింగ్ వేడికి కరగదు, వంచితే చిరగదు. రాగిలోనూ ఎంపిక మొదలైంది. విద్యుత్తుతో పూత పూసిన రాగిలో రేణువులు నిలువుగా ఉంటాయి, వంచితే వాటి మధ్య సందుల్లో పగులుతుంది. రోలర్ల కింద నొక్కి, కాల్చి చల్లార్చిన రాగిలో రేణువులు అడ్డంగా సాగి ఉంటాయి కాబట్టి వంపును ఓర్చుకుంటుంది. రాగిని పట్టీ మందానికి సరిగ్గా మధ్యలో ఉంచితే దాని మీద సాగుదల దాదాపు పడదు. వెనకటికీ ఇప్పటికీ మంచి ఫ్లెక్స్ కేబుల్ రహస్యం ఇదే.

ఇలా పట్టీ ముందే సిద్ధమైంది. దాన్ని ఇముడ్చుకునే మడత పరికరం రావడానికే ఆలస్యమైంది. 1981లో వచ్చిన ఆస్‌బోర్న్ 1 చేత్తో మోసుకెళ్ళే కంప్యూటరే అయినా దాని తెర గాజు గొట్టం, పెట్టెలోనే బిగించి ఉండేది. బరువు 11 కిలోలు. మరుసటి ఏడాది, 1982లో, గ్రిడ్ కంపెస్ వచ్చింది. జాన్ ఎలెన్‌బీ స్థాపించిన గ్రిడ్ సిస్టమ్స్ కోసం బ్రిటిష్ డిజైనర్ బిల్ మోగ్రిడ్జ్ దానికి రూపమిచ్చాడు. మెగ్నీషియం పెట్టె, సుమారు 5 కిలోల బరువు, 8,000 డాలర్లు దాటిన ధర. అమెరికా అంతరిక్ష నౌకల్లోనూ ప్రయాణించింది. మడిచే తెరను మొదట ఊహించినవాడిగా మోగ్రిడ్జ్‌ను అందరూ తలుచుకుంటారు. నాకు అంతకన్నా ముఖ్యంగా తోచేది ఆ బందును పెట్టిన చోటు. కంపెస్‌లో తెర పెట్టె వెనక అంచున కాక, నడుమ దగ్గర మడతపడుతుంది. దాని వెనక భాగంలో ఎలక్ట్రానిక్స్‌కు తావు దొరికింది. తెర చిన్నది, 320 × 240 చుక్కలు, ఒకే రంగు. బందును దాటాల్సిన తీగలు తక్కువే కాబట్టి వాటికి చోటు వెతుక్కోవాల్సిన అవసరం అప్పటికింకా రాలేదు.

ఇబ్బంది రంగులతో మొదలైంది. 1990ల ఆరంభంలో రంగుల ఎల్‌సీడీ తెరలు ల్యాప్‌టాప్‌లలోకి వచ్చాయి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కొక్కదానికి ఆరేసి బిట్‌లు, మొత్తం 18. వాటికి మూడు నియంత్రణ సంకేతాలు, ఒక గడియార సంకేతం కలిపితే 22 తీగలు. 640 × 480 తెరకు ఈ తీగల్లో సెకనుకు రెండున్నర కోట్ల సార్లు సమాచారం మారుతుంది. ప్రతి తీగలోనూ మూడు నుంచి అయిదు వోల్టుల ఎగుడుదిగుళ్ళు. అంత కట్ట బందులోంచి పోవాలంటే బందు లావెక్కాలి. పైగా ఆ కట్ట రేడియో యాంటెన్నాలా పనిచేసి చుట్టుపక్కల పరికరాలకు అంతరాయం కలిగించేది. తెర పెద్దదయ్యేకొద్దీ ఈ రెండూ ముదిరాయి.

ఈ చిక్కు విడింది బందును మార్చడం వల్ల కాదు, సంకేతాన్ని మార్చడం వల్ల. నేషనల్ సెమీకండక్టర్ కంపెనీ 1994లో ఎల్‌వీడీఎస్ పద్ధతిని తెచ్చింది. సంకేతాన్ని ఒక తీగలో కాక జంట తీగల్లో, ఒకదానికి ఒకటి ఎదురుగా పంపుతారు. 3.5 మిల్లీఆంపియర్ల కరెంటు 100 ఓమ్‌ల నిరోధం గుండా పోతే 350 మిల్లీవోల్టుల తేడా వస్తుంది, సంకేతం అంతే. జంటలోని రెండు తీగల రేడియో అలలు ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. 1996లో అదే కంపెనీ తెరల కోసం ఎఫ్‌పీడీ-లింక్ అనే చిప్‌ల జంటను చేసింది. 21 బిట్‌లను ఏడేసి చొప్పున మూడు జంటల్లోకి సర్ది, నాలుగో జంటలో గడియార సంకేతాన్ని పంపడంతో 22 తీగల పని ఎనిమిదికి కుదిరింది. ల్యాప్‌టాప్‌లు ఆ తర్వాత పలచబడడంలో ఈ చిప్ జంటకు రావలసిన పేరు రాలేదు. మెకానికల్ ఇంజనీర్లు తలలు పట్టుకున్న చిక్కును సంకేతాల ఇంజనీర్లు విప్పారు. సాంకేతిక చరిత్రలో నాకు ఎంతో ఇష్టమైన ఘట్టం ఇది.

అప్పటి తెరల వెనక వెలుగు సన్నని ట్యూబులైటు లాంటి దీపం నుంచి వచ్చేది. దానికి వందల వోల్టులు కావాలి. ఆ వోల్టేజీని బందులోంచి పంపితే, ఒరుసుకుని తొడుగు అరిగిన రోజున ప్రమాదం. అందుకే ఇన్వర్టర్ అనే చిన్న బోర్డును మూతలోనే, తెర కింద పెట్టారు. బందు దాటేది తక్కువ వోల్టేజీ కరెంటే, పెరగడం దాటాకే. ఎల్‌ఈడీలు వచ్చాక ఆ బోర్డు పోయింది.

తీగలు తగ్గాయనుకునేలోగా కొత్తవి చేరాయి. 1999లో ఆపిల్ తన ఐబుక్ ల్యాప్‌టాప్ మూతలో వైర్‌లెస్ యాంటెన్నాను పెట్టింది. తెర చుట్టూ లోహం తక్కువ, ఎత్తు ఎక్కువ, కాబట్టి సంకేతం బాగా అందుతుంది. తర్వాత వెబ్‌క్యామ్, మైకులు వచ్చాయి. 2008 డిసెంబరులో వెసా సంస్థ ఎంబెడెడ్ డిస్‌ప్లేపోర్ట్ ప్రమాణాన్ని ప్రకటించి జంటల సంఖ్యను మళ్ళీ తగ్గించింది. 2010 డిసెంబరులో ఇంటెల్, ఏఎండీ తదితర కంపెనీలు 2013కల్లా ఎల్‌వీడీఎస్‌ను వదిలేస్తామన్నాయి. వెంట్రుకంత సన్నని రాగి చుట్టూ కవచమున్న మైక్రో కోయాక్సియల్ తీగలు కట్టగా బందులోకి చేరాయి.

ఇక తీగలు బందును దాటే తీరు. ఒకటి, పట్టీని బందు మీదుగా వంచి పంపడం. చవక, తేలిక, కానీ వంపంతా ఒకేచోట పడుతుంది. రెండు, పట్టీని బందు ఇరుసు చుట్టూ ఒకటి రెండు చుట్లు వదులుగా చుట్టడం. మూత తెరిస్తే చుట్టు బిగుస్తుంది, మూస్తే వదులవుతుంది. వంపు అంతా చుట్ల పొడవునా పంచబడుతుంది. కారు స్టీరింగ్‌లో ఎయిర్‌బ్యాగ్ తీగలు పోయేదీ ఈ పద్ధతిలోనే. మూడు, గుల్ల ఇరుసులోంచి గుండ్రని తీగల కట్టను పంపడం. అప్పుడు తీగ వంగదు, తన పొడవునా మెలితిరుగుతుంది. మెలి పడే పొడవు ఎంత ఎక్కువుంటే ప్రతి మిల్లీమీటరు మీదా అంత తక్కువ భారం. రెండో పద్ధతి, మూడో పద్ధతి చోటు అడుగుతాయి. ఆ చోటు ఇచ్చిన పరికరాలు పదేళ్ళు పనిచేశాయి.

జేబులో పట్టే పరికరాల్లో ఇది ఇంకా కష్టం. నింటెండో 1982లోనే రెండు తెరల గేమ్ అండ్ వాచ్ ఆటలను మడిచేలా చేసింది. 2004లో వచ్చిన డీఎస్‌లోనూ, 2006 నాటి డీఎస్ లైట్‌లోనూ రెండో తెరకు పూర్తి రంగుల బొమ్మ పంపాలి. డీఎస్ లైట్‌ను విప్పితే పై తెర పట్టీ చిన్న గొట్టంలా చుట్టబడి బందు రంధ్రంలోంచి వెళ్ళడం కనిపిస్తుంది. పిల్లలు వేల సార్లు తెరిచి మూసినా చాలామంది దగ్గర ముందు పగిలింది ప్లాస్టిక్ బందే. ఫోన్లలో మోటరోలా స్టార్‌టాక్ 1996లో 88 గ్రాముల బరువుతో మడత ఫోన్‌ను ఫ్యాషన్ చేసింది. మాట వినిపించే భాగం ఒక రెక్కలో, మీటలు రెండో రెక్కలో. 2004 నాటి రేజర్ వీ3 మందం 13.9 మిల్లీమీటర్లే. కెమెరా, బయటి తెర, లోపలి రంగుల తెర అన్నీ మూతలోకి చేరిన ఆ రోజుల్లోనే క్వాల్‌కామ్ ఎండీడీఐ పద్ధతిని తెచ్చింది. ఫోన్ బందులో తీగలు తగ్గించడమే దాని లక్ష్యం. అంతకు పదేళ్ళ ముందు ల్యాప్‌టాప్‌లో జరిగిందే ఫోన్‌లోనూ జరిగింది.

ఇప్పుడు నన్ను బాధపెట్టే ఉదంతానికి వస్తాను. ఆపిల్ 2016లో తెచ్చిన మ్యాక్‌బుక్ ప్రోలో అంతకుముందు బందులోంచి పోయిన దళసరి తీగను తీసేసి, పలచని పట్టీలను తెర బోర్డు మీదుగా వంచి పంపారు. మూత ఎక్కువగా తెరిచినకొద్దీ పట్టీ బోర్డుకు బిగుసుకుని ఒరుసుకుంటుంది. కొంతకాలానికి తెర అడుగున నాటక రంగస్థలం దీపాల్లా వెలుగు చారలు వచ్చాయి. తర్వాత మూతను ఒక కోణం దాటి తెరిస్తే వెలుగే పోయేది. మరమ్మతుల సంస్థ ఐఫిక్సిట్ 2019 జనవరిలో దీన్ని వివరంగా బయటపెట్టింది. 2018 మోడల్‌లో అదే పట్టీ 2 మిల్లీమీటర్లు పొడవు పెరిగిందని కూడా ఆ సంస్థే కొలిచి చెప్పింది. రెండు మిల్లీమీటర్లు! ఒక యంత్రం ఆయుష్షు అంత కొలత మీద ఆధారపడింది. అంతకన్నా పెద్ద తప్పు మరొకటుంది. పట్టీ తెర యూనిట్‌లో అంతర్భాగం కాబట్టి కొద్దిపాటి ఖర్చుతో పోయే మరమ్మతుకు తెర మొత్తం మార్చాల్సి వచ్చింది. 2019 మేలో ఆపిల్ 13 అంగుళాల 2016 మోడళ్ళకు ఉచితంగా బాగుచేసే పథకం ప్రకటించింది.

సికింద్రాబాద్ పార్క్‌లేన్, చెనాయ్ ట్రేడ్ సెంటర్ దుకాణాల్లో మెకానిక్‌లకు ఈ జబ్బు లక్షణం కొత్త కాదు. తెర మినుకుమంటోందని ల్యాప్‌టాప్ తీసుకెళ్తే మూతను మెల్లగా ముందుకూ వెనక్కూ కదిపి చూస్తారు. ఒక కోణంలో బొమ్మ వచ్చి ఇంకో కోణంలో పోతే డిస్‌ప్లే కేబుల్ మార్చాలని అక్కడికక్కడే చెప్పేస్తారు. కేబుల్ విడిగా దొరికే మోడలైతే ఆ సాయంత్రానికే పని అయిపోతుంది.

తెరనే మడిచే ఫోన్లలో బందుకు కొత్త బరువులు వచ్చాయి. శామ్‌సంగ్ గెలాక్సీ ఫోల్డ్ 2019 ఏప్రిల్‌లో సమీక్షకుల చేతుల్లోనే పాడై, విడుదల సెప్టెంబరుకు వాయిదా పడింది. బందు సందుల్లోంచి దూరిన నలుసులు తెరను కిందినుంచి పొడవడం అందుకు ఒక కారణం. రెండు రెక్కల్లోనూ బ్యాటరీలు, ఒక రెక్కలోనే ప్రధాన బోర్డు. కాబట్టి బందు కింద పట్టీలు సంకేతాలతో పాటు కరెంటునూ మోయాలి. ఫోన్ మడిస్తే వాటి దారి పొడవు మారుతుంది కనుక కాస్త వదులు ఉంచి, ఆ వదులు నలగకుండా దాచే చోటు కూడా చూడాలి. 2020లో జడ్ ఫ్లిప్ బందులో నైలాన్ పీచు బ్రష్షు పెట్టి దుమ్మును ఆపారు. 2021లో ఫోల్డ్ 3, ఫ్లిప్ 3 నీటిని తట్టుకునే ఐపీఎక్స్ 8 స్థాయి సాధించాయి. బందులోకి నీరు రానిచ్చి, రెండు రెక్కలనూ విడివిడిగా మూసివేసి, పట్టీలు గోడ దాటే చోట సీలు వేయడం వల్ల అది కుదిరింది.

ఇక మరమ్మతు సంగతి. యూరోపియన్ యూనియన్ 2025 జూన్ 20 నుంచి అమలు చేస్తున్న నియమాల్లో, ఫోన్ మోడల్ అమ్మకం ఆగాక కూడా ఏడేళ్ళపాటు మరమ్మతుదారులకు దొరకాల్సిన విడిభాగాల జాబితాలో బందునూ, తెర మడిచే యంత్రాంగాన్నీ చేర్చారు. మన కేంద్ర ప్రభుత్వం 2022లో రైట్ టు రిపేర్ పోర్టల్ తెరిచి, అందులో మొబైళ్ళు, ఎలక్ట్రానిక్స్‌ను ఒక రంగంగా పెట్టింది. ప్రతి కంపెనీ తన ప్రతి మోడల్ డిస్‌ప్లే కేబుల్ నంబరునూ ధరనూ అక్కడ ఉంచాలని, దాన్ని తెరతో కలిపి అతికించడం మానాలని నేను గట్టిగా కోరుతున్నాను.