పౌను కథ



ఈ సాయంకాలము మీతో ఒక మాటనుగూర్చి ముచ్చటింప వచ్చితిని. ఆ మాట మనది కాదు, ఆంగ్లేయులది. అయినను దాని నెరుగనివారు మనలో అరుదు. పౌను అను మాట యది. కొందరు పౌండు అందురు. వెనుకటి లెక్కల పుస్తకములలో పౌనులు, షిల్లింగులు, పెన్నీలు కూడి తీసివేయలేక పిల్లలు విసిగెడివారు. పత్తి బేరములోను, నూలు కొట్టులోను ఈ మాటయే వినబడెడిది. పౌను అనగా బరువా, డబ్బా అని యెవరైన నడిగినచో రెండును అని చెప్పవలసి వచ్చును. ఒకే మాట బరువునకును డబ్బునకును పేరెట్లయ్యెను? ఆ కథకు పూర్వము మా యింట జరిగిన చిన్న సంగతి యొకటి చెప్పెదను. దానికిని దీనికిని సంబంధము కలదు.

1956వ సంవత్సరమున మన దేశమున తూనికలకును కొలతలకును క్రొత్త చట్టము వచ్చెను. ఆపై కొన్ని యేండ్లలో సేర్లు, వీశెలు, మణుగులు పోయి కిలోగ్రాములు వచ్చెను. అప్పటికి నాకు ఎనిమిదేండ్లుండును. మా నాయనమ్మ సంతకుపోయి వీశె చింతపండు అడిగెను. వర్తకుడొకడు త్రాసులో క్రొత్త యినుపగుండు వేసి తూచి, “ఇదే క్రొత్త వీశె, మామ్మగారూ!” అని చెప్పి వీశె వెల పుచ్చుకొనెను. మూట చేతికి తేలికగా తోచి, నాయనమ్మ యింటికి రాగానే మా పాత వీశెగుండుతో తూచి చూచెను. గుండున్న తట్ట నేలనంటెను. చింతపండు తట్ట మీదికి లేచెను. వీశె యనగా 120 తులములు, నేటి లెక్కలో ఇంచుమించు 1400 గ్రాములు. ఆమెకు దక్కినది వేయి గ్రాములే. వీశె యను పేరు మూటతో వచ్చెను గాని, నాలుగువందల గ్రాముల చింతపండు సంతలోనే నిలిచిపోయెను.

పేరును నిలిపి బరువును తగ్గించుట ఆ వర్తకుడు క్రొత్తగా కనిపెట్టిన విద్య కాదు. పౌను కథను చదివినకొలది నాకీ సంగతి స్పష్టమైనది.

ఈ మాటకు పుట్టినిల్లు రోమనుల లాటిను భాష. రోమనులు త్రాసును లిబ్రా అనిరి. ఆ త్రాసున తూగెడు ఒక నిర్ణీతమైన బరువునకును ఆ పేరే పెట్టిరి. అది సుమారు 327 గ్రాములు. ఇది మనకు వింతగా తోపదు. మనకును తుల యనగా త్రాసు, తులము అనగా బరువు. ఆకాశమున మనము తులారాశి యను దానిని వారును లిబ్రా యనియే పిలిచిరి. ఇక ఆ బరువును చెప్పునప్పుడు వారు లిబ్రా పోండో అనెడివారు. పోండో అనగా “తూకమున” అని యర్థము. ఉత్తరదేశపు జర్మను జాతులవారు రోమను వర్తకులతో బేరసారములు చేయుచు, ఈ రెండు మాటలలో మొదటిదానిని విడిచి రెండవదానిని పట్టుకొనిరి. మనము “సేరు తూకము” అన్నప్పుడు పరదేశి యెవడో సేరును మరచి తూకమును మాత్రము తన యూరికి తీసికొనిపోయినట్లు! ఆ జాతులలో కొందరు సముద్రము దాటి బ్రిటను చేరినప్పుడు మాటయు వారితో ఓడయెక్కెను. అక్కడ అది పుండ్ అని పలుకబడి, కాలక్రమమున పౌండ్ అయ్యెను.

విడిచివేసిన లిబ్రా మాత్రము పూర్తిగా పోలేదు. నోటితో పౌను అనుచునే, చేతితో ఎల్, బి అను రెండక్షరములు వ్రాయుదురు. అవి లిబ్రాలోనివే. ఆంగ్లేయుల డబ్బు గుర్తుగా ఎల్ అను అక్షరమునకు అడ్డుగీత గీయుదురు గదా, అదియు లిబ్రాలోని మొదటి యక్షరమే.

పోండోకు మూలమైన లాటిను ధాతువునకు వ్రేలాడదీయుట, తూచుట, చెల్లించుట అని మూడర్థములు కలవు. పూర్వము చెల్లించుట యనగా లోహమును తూచి యిచ్చుటయే. ఆ ధాతువునుండియే ఆంగ్లమున ఆలోచించుట యను నర్థము గల పోండర్ అను మాటయు వచ్చెను. మనమును “తూచి మాటాడు” మందుము గదా!

ఇక్కడ ఒక హెచ్చరిక చేయవలెను. పశువులను కట్టివేయు బందెలదొడ్డిని ఆంగ్లమున పౌండ్ అందురు. రోకట దంచుటను కూడ పౌండ్ అనియే యందురు. ఈ రెండును మన తూకపు పౌనుతో చుట్టరికము లేనివి. ఉచ్చారణ యొక్కటి యైనంతమాత్రమున వంశమొక్కటి కాదు.

ఇక బరువు డబ్బైన విధము. ఎనిమిదవ శతాబ్దపు చివర ఐరోపాలో షార్లమేన్ అను రాజు ఒక కట్టుబాటు చేసెను. ఒక పౌను వెండినుండి 240 పెన్నీలు ముద్రింపవలెను. పండ్రెండు పెన్నీలు ఒక షిల్లింగు, ఇరువది షిల్లింగులు ఒక పౌను. ఇంగ్లండునందును ఈ లెక్కయే నెలకొనెను. పౌను అను నాణెము చాలకాలము లేనేలేదు. అది లెక్కకు మాత్రమే. 1489లో ఏడవ హెన్రీ రాజు ఒక పౌను విలువగల బంగారు నాణెమును మొట్టమొదట ముద్రింపించి, దానికి సావరిన్ అని పేరు పెట్టెను. మన కంసాలులు సవరను అనునది ఈ మాటయే. అయితే మనవారెరిగిన సవరను 1817లో వచ్చిన క్రొత్త నాణెము. అది ఇంచుమించు ఎనిమిది గ్రాములు తూగును. నేటికిని సవరను బంగారమనగా ఎనిమిది గ్రాములని లెక్కించుట అందువలననే.

పౌను డబ్బునకు పౌను వెండి యుండినంతకాలము మాటయు తూకమును ఒక్కటియే. అయితే రాజులకు యుద్ధములు వచ్చును, ఖర్చులు పెరుగును. అప్పుడు పెన్నీని కొంచెము పలుచన చేయుదురు. పేరు పెన్నీయే, బొమ్మ రాజుదే, వెండి మాత్రము తక్కువ. 1601 నాటికి ఒక పౌను తూకపు నాణెపు వెండినుండి 62 షిల్లింగులు ముద్రించుచుండిరి. అనగా ఒక పౌను బరువు మూడు పౌనులకు మించిన డబ్బైనది. 1816లో ఆ సంఖ్య 66 అయ్యెను. వెనుకటి తరమున పది పౌనులు దాచుకొన్నవాని మనుమనికి పది పౌనులు అను మాటయే చేరెను. తాత నాటి వెండి చేరలేదు. 1971 ఫిబ్రవరి 15వ తేదీన షిల్లింగు లెక్కయు పోయి, పౌనునకు నూరు పెన్నీలైనవి. నేటి పౌను నాణెమున వెండి లేదు.

బరువు పౌనైనను నిలుకడగా నుండెనా? అదియు లేదు. రాజ్యమంతట ఒకే కొలత, ఒకే తూకము ఉండవలెనని 1215లోనే జాన్ రాజుచేత ప్రభువులు ఒడంబడిక వ్రాయించుకొనిరి. అయినను శతాబ్దములపాటు పలురకముల పౌనులు చెలామణియైనవి. తుదకు ముఖ్యముగా రెండు మిగిలెను. వెండి బంగారములు తూచుటకు ట్రాయి పౌను. దానికి 5760 గ్రెయినులు. గ్రెయిను అనగా ధాన్యపుగింజ. మన గురిగింజవంటి చిన్న తూకము. తక్కిన సరకులకు అవార్డుపాయిస్ అను పౌను. దానికి 7000 గ్రెయినులు. మొదటిదానికి 12 ఔన్సులు, రెండవదానికి 16.

ఇంటికి పోయి మనుమలను ఒక ప్రశ్న అడుగుడు. పౌను బంగారము బరువా, పౌను దూది బరువా? రెండును పౌనే గదా, సమానమని వారందురు. కాదు, దూదియే బరువు! సరే, ఔన్సు బంగారమో, ఔన్సు దూదియో? ఇప్పుడు బంగారమే బరువు. బంగారపు ఔన్సు 31 గ్రాములకు పైచిలుకు, మామూలు ఔన్సు 28 గ్రాములకు పైచిలుకు. ఇది పొడుపుకథగా విన్నప్పుడు నవ్వు వచ్చును. రెండు గుండ్లును ఒకే యంగడిలో నున్నప్పుడు కొనువానికి నవ్వు రాదు.

ఇన్ని పౌనులలో ఏది నిజమని తేల్చుటకు ఒక మూలపుగుండు కావలెను. 1758లో చేసిన యొక ట్రాయి పౌనును 1824లో చట్టముచే మూలపుగుండుగా నిర్ణయించి, లండనులో పార్లమెంటు భవనమున భద్రపరచిరి. 1834 అక్టోబరు 16వ తేదీన ఆ భవనము కాలిపోయెను. ఎందువలన? పూర్వము ప్రభుత్వపు జమాఖర్చులకు గంట్లు పెట్టిన కొయ్యపుల్లలు వాడెడివారు. పనికిరాని ఆ పుల్లలను పొయ్యిలలో వేసి కాల్చుచుండగా మంట భవనమున కంటుకొనెను. పాత లెక్కలు కాల్చబోయి తూకమునే పోగొట్టుకొనిరి! ఆ గుండు మరల దొరకలేదు. మిల్లరు అను ఆచార్యుడు పాతగుండుతో పోల్చి చేసిన ఇతర గుండ్లనాధారముగా గొని, 1844లో ప్లాటినముతో క్రొత్త పౌను చేసెను. 1855లో అది చట్టబద్ధమయ్యెను. ఈమారు ట్రాయి పౌను గాక, 7000 గ్రెయినుల పౌనే మూలమైనది.

మనదేశమునకు వత్తము. 1833లో కుంఫిణీవారు తులము 180 గ్రెయినులని నిర్ణయించి, 1835లో రూపాయిని సరిగా ఆ యెత్తుననే ముద్రించిరి. పెద్దలు “రూపాయి యెత్తు” అనెడిది ఇదియే. 80 తులములు సేరు, 40 సేర్లు బెంగాలు మణుగు. గుణించి చూడుడు: అది సరిగా నూరు ట్రాయి పౌనులగును. మామూలు పౌనులలో 82కు పైగా నగును. మద్రాసు మణుగు మాత్రము 25 పౌనులే. మణుగు అను పేరొక్కటియే. ఒకటి మూడవవంతైనను లేదు. బెంగాలు వర్తకునితో మణుగులలో బేరమాడిన తెనుగు రైతు ఏ మణుగని యడుగకున్న ఏమగునో వేరుగ చెప్పనక్కరలేదు.

1959లో ఆంగ్లము మాటాడు ఆరు దేశములు కూడి, పౌను అనగా 0.45359237 కిలోగ్రాములని నిర్ణయించుకొనినవి. అనగా నేడు పౌనునకు తన సొంత గుండు లేదు. కిలోగ్రాము నాశ్రయించి బ్రతుకుచున్నది. అయినను దాని పేరు చేయగల కీడు తీరలేదు. 1983 జూలై 23వ తేదీన కెనడా దేశమున 69 మందితో విమానమొకటి ప్రయాణము కట్టెను. దానికి 22,300 కిలోల యింధనము కావలెను. లీటరు యింధనము 0.8 కిలో తూగును, పౌనులలో 1.77. లెక్క వేసినవారు 1.77ను కిలోలనుకొనిరి. కావలసినదానిలో సగమునకు తక్కువ యింధనముతో విమానము లేచి, నడియాకాశమున రెండు యంత్రములును ఆగిపోయెను. చోదకులు నేర్పుతో దానిని గాలిలో జార్చి, గిమ్లీ అనుచోట పాత విమానస్థలమున దించిరి. అందరును బ్రతికిరి. గుణకారమున తప్పు లేదు. అంకెప్రక్కనుండు పేరొక్కటి తప్పినది.

పౌను మన యంగళ్లను విడిచిపోయెననుకొందుము. పూర్తిగా పోలేదు. నేతవారు నలువది నెంబరు నూలు, ఎనుబది నెంబరు నూలు అందురు. ఆ నెంబరెక్కడిది? 840 గజముల నూలు ఒక చిలప. ఒక పౌను నూలులో అట్టి చిలపలెన్ని తూగునో అదియే నెంబరు. నూలు సన్నమైనకొలది నెంబరు పెరుగును. మంగళగిరిలోను పోచంపల్లిలోను మగ్గముపై కూర్చున్న నేతగాని నోట పౌను అను మాట రాకున్నను, అతని నూలి లెక్కలో అది దాగియే యున్నది.

ఇక మా నాయనమ్మ సంగతి. మరుసటి సంతకు ఆమె పాత వీశెగుండును కొంగున ముడివేసికొని పోయెను. వర్తకుడు తన గుండుపైనున్న సర్కారు ముద్ర చూపి, పాతగుండు చెల్లదనెను. అతడు చెప్పినది చట్టమే. ఆమె చెప్పినదియు న్యాయమే. గుండ్లు రెండును నిజమే పలికినవి; పేరు మార్చి పలికినది మనుష్యుని నోరు. అప్పుడు మా యూరి పెద్ద యొకరు, చదువుకొన్నవారు, ఒక సుద్దముక్క తెచ్చి రచ్చబండ ప్రక్క గోడమీద పెద్ద యక్షరములతో వ్రాసిరి: “పాత వీశె ఒకటికి క్రొత్త కిలో ఒకటి, నాలుగువందల గ్రాములు.” చదువురానివారికి తామే చదివి వినిపించిరి. ఆ వారమునుండి సంతలో కిలోకు వేరుగ వెల చెప్పసాగిరి.

వారు వ్రాసినది ఒక్క పంక్తియే. వానకు తుడిచిపోయినప్పుడెల్ల మరల వ్రాసెడివారు.