గడప ముందు రాసిన పేర్లు

ఒకప్పుడు అమెరికాలో ఆడవాళ్ళు పొడుగాటి లంగా మీద మెడదాకా బొత్తాలుండే చొక్కా తొడిగేవారు. షర్ట్‌వెయిస్ట్ అనేవారు దాన్ని. మన జాకెట్టుకు దూరపు చుట్టం అనుకోండి. ఆ చొక్కాలు కుట్టిన పిల్లల సంగతి యీవేళ మీతో చెప్పాలని కూర్చున్నాను.

న్యూయార్కులో ట్రయాంగిల్ అని ఓ చొక్కాల ఫ్యాక్టరీ వుండేది. పదంతస్తుల భవనంలో పై మూడంతస్తులూ దానివే. పనిచేసేవారిలో చాలామంది యూదుల పిల్లలు, ఇటలీ పిల్లలు. పొట్ట చేతబట్టుకుని ఓడలెక్కి వచ్చిన కుటుంబాలవాళ్ళు. 1909లో కూలి పెంచమనీ, పని గంటలు తగ్గించమనీ ఆ నగరంలో వేలాదిమంది కుట్టుపని పిల్లలు సమ్మె కట్టారు. చాలా కంపెనీలు దిగివచ్చాయి గాని, ట్రయాంగిల్ యజమానులు మాత్రం సంఘాన్ని గుర్తించమని మొండికేశారు.

1911 మార్చి 25, శనివారం. సాయంత్రం నాలుగూ నలభై, పని దిగే వేళ. ఎనిమిదో అంతస్తులో బల్లకింద పోగుపడ్డ గుడ్డపీలికలకు నిప్పంటుకుంది. యింట్లో కుట్టుమిషను వున్నవారికి నేను చెప్పనక్కర్లేదు, పల్చని గుడ్డ పీలిక ఎంతలో భగ్గుమంటుందో. తొమ్మిదో అంతస్తులో వాళ్ళకు మంటలు కనిపించేదాకా కబురే అందలేదు. ఒకవైపు మెట్ల తలుపుకు తాళం. ఎందుకయ్యా అంటే, పిల్లలు గుడ్డముక్కలు ఎత్తుకుపోతారని అనుమానం! అందర్నీ ఒకే దారిన పంపి సంచులు వెతికేవారు. వెనకాల వున్న యినుప మెట్లు జనం బరువుకు విరిగిపడ్డాయి. లిఫ్టు నడిపేవాళ్ళు మాత్రం, ఆ పొగలోనే పైకీ కిందికీ తిప్పి, అది కదలనని మొరాయించేదాకా ఎందరినో దింపారు. అగ్నిమాపకదళం వచ్చింది. వాళ్ళ నిచ్చెన ఆరో అంతస్తు దాకానే అందింది.

ఆ తరువాతది వివరించడానికి నాకు మనసొప్పదు. అరగంట తిరక్కుండా ముగిసిపోయింది. మొత్తం 146 మంది పోయారు. అందులో 123 మంది ఆడవాళ్ళు. అందరికన్నా చిన్నవాళ్ళకు పద్నాలుగేళ్ళు. ఒకే యింటి నుంచి తల్లీ, యిద్దరు కూతుళ్ళూ.

ఏప్రిల్ 5న లక్షమందికి పైగా జోరువానలో ఊరేగింపుగా నడిచారు. ఎవరివో గుర్తుపట్టలేని శవాలను అదే రోజు నగరంవారు బ్రూక్లిన్‌లో ఓ శ్మశానంలో పూడ్చారు.

మరి న్యాయస్థానం ఏం చేసిందంటారా? తలుపుకు తాళం వున్నట్టు యజమానులకు తెలుసునని రుజువు కాలేదని ఆ డిసెంబరులోనే విడిచిపెట్టారు. 1914లో, దావా వేసిన కుటుంబాలకు ప్రాణానికి 75 డాలర్ల చొప్పున ముట్టింది. యజమానులకు భీమా కంపెనీ నుంచి వచ్చింది అంతకు ఎన్నో రెట్లు. యింకో ముచ్చట వినండి. 1913లో ఆ యజమానుల్లో ఒకాయన మరో ఫ్యాక్టరీలో మళ్ళీ తలుపుకు తాళం వేయించి పట్టుబడ్డాడు. జుల్మానా 20 డాలర్లు!

అయితే ఆ రోజు దగ్గర్లోనే ఓ స్నేహితురాలి యింట్లో వుండి, కేకలు విని పరుగెత్తుకొచ్చి అంతా కళ్ళారా చూసింది ఫ్రాన్సెస్ పెర్కిన్స్ అనే ఆమె. ఫ్యాక్టరీల పరిస్థితిని విచారించడానికి రాష్ట్రం వేసిన కమీషనుకు ఆమె ఎంతో పనిచేసింది. తలుపులకు తాళం వుండకూడదు, అవి బయటికి తెరుచుకోవాలి, మంటలప్పుడు ఎలా బయటపడాలో పనివాళ్ళకు ముందే అలవాటు చేయించాలి—యిలాంటి చట్టాలు కొద్ది యేళ్ళలో ముప్పైకి పైగా వచ్చాయి. 1933లో పెర్కిన్స్ అమెరికా కార్మికశాఖ మంత్రి అయింది. ఆ దేశ మంత్రివర్గంలో తొలి మహిళ ఆమే. పోయినవారికి చేసిన మర్యాదల్లో మొదటిది ఆ చట్టాలేనని నా మతం.

రెండోది 2004లో మొదలైంది. రూత్ సెర్గెల్ అనే సినీకళాకారిణి పూనుకుని, ఏటా మార్చి 25న కొంతమందిని వెంటబెట్టుకుని, పోయినవారు ఒకప్పుడు కాపురమున్న యిళ్ళ ముందు పేవుమెంటు మీద సుద్దతో వాళ్ళ పేరు, వయసు, ఎలా పోయారో రాయించసాగింది. మనం గడప ముందు ముగ్గు వేసినట్టే! వానొస్తే చెరిగిపోతుంది. ఏడాది తిరిగేసరికి మళ్ళీ వంగి రాస్తారు. చివరిదాకా పేరు తెలియకుండా మిగిలిన ఆరుగురు ఎవరో, నూరేళ్ళకు, 2011లో ఓ పరిశోధకుడు పాత పత్రికలూ దస్తావేజులూ తిరగేసి తేల్చాడు. అప్పటికి గాని పట్టీ నిండలేదు.

భవనం యిప్పటికీ వుంది, విశ్వవిద్యాలయంవారి తరగతులు జరుగుతున్నాయి. 2023 అక్టోబరులో దానికి ఉక్కు స్మారకం అమర్చారు. 2019లో వందలమంది తలో గుడ్డముక్కా తెచ్చి కుట్టిన పొడుగాటి రిబ్బను అల్లికను ఆ ఉక్కు మీద అచ్చుగా దింపారు. పేర్లు తలపైన రేకులో తొలిచి వుంటాయి. కింద వున్న నల్లని పలక అద్దంలా పనిచేస్తుంది. తల వంచి ఆ నీడలోనే చదువుకోవాలి.

ఏటా ఆ తేదీకి అక్కడ జనం చేరతారు. ఒక్కొక్క పేరూ చదివి గంట కొడతారు. అగ్నిమాపకదళంవారు బండి తెచ్చి నిచ్చెన పైకి లేపుతారు. ఆరో అంతస్తు దాకా లేపి, అక్కడ ఆపేస్తారు.