మాటతో వైద్యం: ఒక చికిత్స రూపుదిద్దుకున్న తీరు

మందు లేకుండా, కేవలం మాటతో మనోవ్యాధికి చేసే చికిత్స ఇప్పటి రూపానికి రావడం వియన్నాలో మొదలైంది. 1880 నుంచి 1882 వరకు జోసెఫ్ బ్రాయర్ అనే వైద్యుడు బెర్తా పాపెన్‌హైమ్ అనే యువతికి వైద్యం చేశాడు. జబ్బుపడిన తండ్రికి సేవ చేస్తూ చేస్తూ ఆమే మంచాన పడింది. చేయి స్వాధీనం తప్పింది, చూపు దెబ్బతింది, కొంతకాలం సొంత భాష జర్మన్ మరిచి ఇంగ్లీషే మాట్లాడింది. మనసులోది చెప్పుకున్నప్పుడల్లా కొన్ని బాధలు తగ్గుతున్నాయని బ్రాయర్ గమనించాడు. దీన్ని మాటల వైద్యమని మొదట అన్నది ఆమే. 1895లో బ్రాయర్, సిగ్మండ్ ఫ్రాయిడ్ కలిసి వేసిన పుస్తకంలో ఆమె 'అన్నా ఓ' అనే మారుపేరుతో కనిపిస్తుంది. ఆమె పూర్తిగా కోలుకున్నట్టు ఆ పుస్తకం చెప్పింది. నిజానికి బ్రాయర్ వైద్యం ముగిశాక కూడా ఆమె శానిటోరియంలో ఉండవలసి వచ్చింది. తర్వాత నిలదొక్కుకుని, 1904లో జర్మనీలో యూదు మహిళల సమాఖ్యను స్థాపించింది. థెరపీ నుంచి ఏమి ఆశించవచ్చో ఈ తొలి కేసులోనే ఉంది: ఉపశమనం నిజమే, కానీ అది ఒక్కసారిగా రాదు, నేరుగానూ రాదు.

మనోవిశ్లేషణ అనే పేరుతో ఈ చికిత్సకు నియమాలు పెట్టినవాడు ఫ్రాయిడ్. 1891 నుంచి 1938 వరకు వియన్నాలోని బెర్గ్‌గాసె వీధి 19వ నంబరు ఇంట్లో ఆయన రోగులను చూశాడు. చికిత్స ఎలా ప్రారంభించాలో 1913లో ఒక వ్యాసంలో వివరించాడు. కొత్తగా వచ్చినవారిని మొదట ఒకటి రెండు వారాలు తాత్కాలికంగానే చేర్చుకునేవాడు. ఈ పద్ధతి సరిపడదని తేలితే అక్కడితో ఆపవచ్చు, వైద్యం విఫలమైందన్న బెంగ రోగికి మిగలదు. థెరపీ మొదలుపెట్టాలా వద్దా అని తటపటాయించేవారు ఈ సంగతి తప్పక తెలుసుకోవాలి. ముందు కొన్నిసార్లు వెళ్లి చూసి, ఆ తర్వాత నిర్ణయించుకోవడం ఈ వైద్యంలో మొదటినుంచీ ఉన్న పద్ధతే. ఫీజు గురించి మొహమాటం లేకుండా ముందే మాట్లాడాలన్నాడు ఫ్రాయిడ్. రోగికి కేటాయించిన గంట రోగిదే, రాకపోయినా డబ్బు కట్టాలి. ఆదివారాలు, పండగలు తప్ప రోజూ రావాలి. ఎన్నాళ్లు పడుతుందంటే నెలలు, ఏళ్లు అన్నదే ఆయన జవాబు.

అంత ఖర్చును డబ్బున్నవారే భరించగలరు. ఈ లోటు ఫ్రాయిడ్‌కూ తెలుసు. 1918లో బుడాపెస్ట్ మహాసభలో పేదలకూ ఈ వైద్యం అందాలని కోరాడు. 1920లో బెర్లిన్‌లో, 1922లో వియన్నాలో ఉచిత క్లినిక్కులు తెరుచుకున్నాయి.

అదే 1922లో గిరీంద్రశేఖర్ బోస్ కలకత్తాలోని తన ఇంట్లో భారత మనోవిశ్లేషణ సంఘాన్ని స్థాపించాడు. 1933లో అక్కడి కార్మైకేల్ వైద్య కళాశాల ఆసుపత్రిలో మానసిక రోగులకు ఓపీ విభాగం ప్రారంభించాడు. జ్వరానికి వచ్చినట్టే మనోవేదనకూ మామూలు ఆసుపత్రికే రావచ్చన్నది చాలా పెద్ద మార్పు, ఎందుకంటే దేశంలో మానసిక వైద్యమంటే ఎత్తైన గోడల పిచ్చాసుపత్రే అందరికీ గుర్తొచ్చేది. హైదరాబాదులో మానసిక వైద్యశాల ఉన్న 'ఎర్రగడ్డ' పేరే ఎగతాళిగా మారడానికి కారణమిదే. ఆ గోడలన్నా, ఆ ఎగతాళి అన్నా ఉన్న భయం ఎందరినో వైద్యానికి దూరంగా ఉంచింది. 1950లలో అమృత్‌సర్ మానసిక వైద్యశాలలో డాక్టర్ విద్యాసాగర్ రోగుల కుటుంబాలకు ఆవరణలోనే గుడారాలు వేయించి, వారినీ చికిత్సలో భాగం చేశాడు.

అమెరికాలో కార్ల్ రోజర్స్ సంభాషణలను రికార్డు చేసి, ఒక కేసు మొత్తాన్ని 1942లో అక్షరం పొల్లుపోకుండా అచ్చువేశాడు. సలహాలివ్వడం కంటే శ్రద్ధగా వినడం ముఖ్యమని ఆయన వాదన. 1952లో హాన్స్ ఐసెంక్ అసలు ఈ చికిత్స పనిచేస్తుందనడానికి రుజువేదని నిలదీశాడు. ఆ ప్రశ్న ఈ రంగానికి మేలే చేసింది. 1977లో స్మిత్, గ్లాస్ 375 అధ్యయనాలను కలిపి చూసి, చికిత్స పొందిన సగటు వ్యక్తి పొందనివారిలో 75 శాతం మంది కంటే మెరుగ్గా ఉన్నట్టు తేల్చారు. ఫిలడెల్ఫియాలో ఆరన్ బెక్ 1960లలో రూపొందించిన పద్ధతి ఏళ్ల వ్యవధిని వారాలకు తగ్గించింది. వారానికి ఒకటి రెండు సెషన్లు, ఆ రోజు ఏం మాట్లాడాలో ముందే అనుకోవడం, ఇంటి దగ్గర చేయాల్సిన అభ్యాసం దీని పద్ధతి. తరచు పన్నెండు నుంచి ఇరవై సెషన్లలో పూర్తవుతుంది. ఏ పద్ధతిలోనైనా థెరపిస్టుతో నమ్మకం కుదరడం ఫలితానికి చాలా ముఖ్యమని తర్వాతి పరిశోధనలు చూపాయి. కుదరకపోతే వేరొకరి దగ్గరికి వెళ్లడంలో తప్పు లేదు.

బెంగళూరులో క్లినికల్ సైకాలజిస్టుల శిక్షణ 1955లో మొదలైంది. 1992 చట్టంతో వారికి భారత పునరావాస మండలి రిజిస్టరు ఏర్పడింది. మందులు రాసేది సైకియాట్రిస్టు, మాటతో చికిత్స ఎక్కువగా చేసేది సైకాలజిస్టు. కౌన్సెలరు బోర్డు ఎవరైనా పెట్టుకోగల పరిస్థితి చాలాకాలం సాగింది కనుక, చదువు, అనుభవం, రిజిస్ట్రేషన్ గురించి మొదటి రోజే అడగాలి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గోప్యతను రోగి హక్కుగా గుర్తించింది. ప్రాణాపాయం వంటి కొన్ని సందర్భాలు మాత్రమే దానికి మినహాయింపు. ఎవరి దగ్గరికి వెళ్లాలో తేల్చుకోలేనివారికి 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీమానస్ ఉంది. 14416 నంబరుకు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.